ముందు లాగ్, తర్వాతే ప్లాన్: రన్నర్లకు, సైక్లిస్టులకు, ట్రయథ్లెట్లకు చలికాలం ట్రైనింగ్

వచ్చే ఏడాది ఏ రేసో ముందే తేల్చుకుని, ఎక్కడో దొరికిన పదహారు వారాల ప్లాన్ దించుకుని, చలి మొదలవగానే, కొద్దిసేపు గట్టిగా చేసి కొద్దిసేపు తేరుకునే ఇంటర్వెల్స్‌లోకి దిగిపోవడం ఔత్సాహికుల్లో మామూలే. చలి తగ్గేసరికి పిక్కలో గాయమో, మొహం మొత్తి మానేయడమో మిగులుతుంది. ఆ ప్లాన్ రాసినవాళ్లకు మీ గడిచిన ఏడాది సంగతి తెలియదు. అది మీ సాధనల చిట్టా అయిన లాగ్‌లో ఉంది. పని అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

యాభై రెండు వరుసలు

స్ప్రెడ్‌షీట్‌లో వారానికొకటి చొప్పున 52 వరుసలు వేయండి. ఐదు గడులు చాలు: మొత్తం గంటలు, సెషన్ల సంఖ్య, అన్నిటికంటే పొడవైన సెషన్, గట్టిగా చేసిన నిమిషాలు, తప్పిపోయినవాటికి కారణం. కిలోమీటర్ల గడి వద్దు. కొండదారిలో పది కిలోమీటర్లూ చదును రోడ్డు మీద పది కిలోమీటర్లూ ఒకటి కావు. ఈత, సైకిలు, పరుగు మూడూ చేసేవాళ్లకైతే వాటిని కూడితే వచ్చే అంకెకు అర్థమే ఉండదు. కారణం గడిలో ఒక్క మాట రాయండి: జబ్బు, గాయం, పని, ప్రయాణం, బద్ధకం. మొహమాటపడి బద్ధకాన్ని పని ఖాతాలో వేస్తే రేపు ప్లానే తప్పుతుంది.

ఇప్పుడు మీ మామూలు వారం ఎంతో తేల్చాలి. ఏడాది మొత్తానికి సగటు తీయొద్దు. రెండు మూడు భారీ వారాలు దాన్ని పైకి లాగేస్తాయి. వారాల గంటలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, 26, 27 స్థానాల్లో ఉన్న అంకెలకు మధ్యది తీసుకోండి. అది 6 గంటలనుకుందాం. అందులో సగానికి, అంటే 3 గంటలకు, తక్కువైన ప్రతి వారానికీ ఎర్ర రంగు వేయండి. ప్లాన్‌లో ఉన్న విశ్రాంతి వారాలను, రేసు తర్వాతి వారాన్ని వదిలేయండి. మిగిలిన ఎర్రవే ఖాళీ వారాలు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ సాధన చేసేవాళ్లకు ఏడాది ఎలా ముగిసిందో చెప్పేవి అవే, ఏదో ఒక ఆదివారం కొట్టిన రికార్డు కాదు.

ప్రతి ఎర్ర గుంపుకూ ముందున్న మూడు వారాలు తెరిచి చూడండి. ఇక్కడ గంటలొక్కటే చాలవు, భారం కావాలి. దానికి వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ పద్ధతి తేలిక: సెషన్ అయిన అరగంటకు అది ఎంత కష్టమనిపించిందో 0 నుంచి 10 వరకు అంకె వేసి, నిమిషాలతో గుణించాలి. 60 నిమిషాల ఈజీ రన్‌కు 3 వేస్తే 180. 45 నిమిషాల ఇంటర్వెల్స్‌కు 8 వేస్తే 360. గడియారంలో చిన్నదే, ఒంటి మీద రెట్టింపు. ఏడాది పొడవునా అంకెలు వేసి ఉండకపోతే ఆ మూడు వారాలకే గుర్తున్నంతలో వేయండి. సాధారణంగా బయటపడేవి ఇవి: వారం భారం ఉన్నట్టుండి మూడో వంతు పెరగడం, గట్టి సెషన్లు రెండు పక్కపక్క రోజుల్లో పడటం, బరువుల పని ఎప్పుడో మానేసి ఉండటం, కొత్త షూతో నేరుగా లాంగ్ రన్‌కు వెళ్లడం.

కారణాన్ని బట్టి మందు మారుతుంది. ఒకే చోట గాయం మళ్లీ మళ్లీ వస్తుంటే చలికాలంలో మొదటి స్థానం బరువులది. జబ్బులు ఎక్కువైతే భారం పెంచే వేగం, నిద్ర చూసుకోవాలి. పని వల్లే వారాలు పోయి ఉంటే ప్లానే పెద్దది. 7 గంటలు రాసి 4 చేసేకంటే 5 రాసి 5 చేయడం నయం.

రెండు అంకెలు, రెండు జవాబులు

మొదటిది, ఏడాదిలో మెరుగుపడ్డారా? చదునుగా ఉన్న ఒకే దారిలో, దాదాపు ఒకే ఎండలో చేసిన ఈజీ రన్‌లు రెండు తీసుకోండి, ఏడాది మొదట్లోది ఒకటి, చివరిది ఒకటి. నిమిషానికి ఎన్ని మీటర్లు పరుగెత్తారో లెక్కగట్టి సగటు హార్ట్‌రేట్‌తో భాగించండి. కిలోమీటరుకు 6:15 అంటే నిమిషానికి 160 మీటర్లు. హార్ట్‌రేట్ 145 అయితే 1.10. అదే 145 దగ్గర ఇప్పుడు 5:45 వస్తుంటే 174 మీటర్లు, అంటే 1.20. మంచి పెరుగుదలే. ఒక పరుగు చల్లటి పొద్దున, ఇంకోటి మిట్టమధ్యాహ్నం అయితే మాత్రం పోల్చొద్దు. వేడికి హార్ట్‌రేట్ ఊరికే పెరుగుతుంది.

రెండోది, లోపం వేగంలోనా, ఓర్పులోనా? రేసు సమయాలను అంచనా వేసే పీట్ రీగల్ సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం సుమారు 2.085 రెట్లు అవుతుంది. 10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో చేసేవారు హాఫ్ మారథాన్ దాదాపు 1 గంట 50 నిమిషాల్లో ముగించాలి. మీకు 1:58 పడితే, ఎండా ఎత్తుపల్లాలూ కారణం కాకపోతే, ఇంటర్వెల్స్ పెంచి లాభం లేదు. చలికాలమంతా నెమ్మది గంటలే పోగేయాలి. అంకెలు సూత్రానికి దగ్గరగా ఉంటే బేస్, అంటే ఓర్పు పునాది, బాగుందన్నమాట, కాస్త ముందే వేగం కలపొచ్చు.

ఆపడం, మళ్లీ అందుకోవడం

ఆఖరి రేసు తర్వాత రెండు వారాలు ప్లాన్ లేకుండా గడపండి. మారథాన్ లేదా అంతకు మించిన రేసు అయితే మూడు నాలుగు. నడక, ఆటలు, ఏదైనా సరే, వాచ్ తీసేసి. ఈ విశ్రాంతి రోజుల్లో రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా, కొంత తగ్గుతుంది. అందుకే తిరిగొచ్చాక అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. కంగారు అక్కర్లేదు, ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. అసలు ప్రమాదం కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ల దగ్గర ఉంది. ఊపిరి త్వరగా అందుకుంటుంది, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ అంత త్వరగా గట్టిపడదు. కాబట్టి మామూలు వారంలో మొదటి వారం సగం, రెండోది మూడింట రెండు వంతులు, మూడోది 85 శాతం. ఆయాసం రాకపోయినా ఇంతకు మించొద్దు.

నెమ్మది అంటే ఎంత నెమ్మది

తిరిగి మామూలు వారానికి చేరాక థ్రెషోల్డ్ పరీక్ష చేయండి. చాలాసేపు నిలబెట్టుకోగల శ్రమకు పై హద్దే థ్రెషోల్డ్. పావుగంట వార్మప్, తర్వాత ఒంటరిగా 30 నిమిషాలు నిలబెట్టుకోగలిగినంత గట్టిగా. చివరి 20 నిమిషాల సగటు హార్ట్‌రేట్ మీ థ్రెషోల్డ్. మొదటి ఐదు నిమిషాలు ఉత్సాహంగా పరుగెత్తి తర్వాత చల్లబడిపోతే పరీక్ష చెల్లదు, వారం ఆగి మళ్లీ చేయాలి. పరుగుకూ సైకిలుకూ విడివిడిగా చేయండి. చాలామందికి సైకిలు మీద అంకె తక్కువ వస్తుంది.

ఈజీ సెషన్లలో ఈ అంకెలో 88 శాతం దాటొద్దు. థ్రెషోల్డ్ 170 అయితే హద్దు 150. వాచ్ మీద నమ్మకం లేనప్పుడు పూర్తి వాక్యం ఒక్క గుక్కలో చెప్పగలరేమో చూడండి. మేటి ఎండ్యూరెన్స్ క్రీడాకారుల సెషన్లలో ఐదింట నాలుగు తేలికైనవేనని వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సీలర్ గమనించారు. వారానికి ఐదు సెషన్లు చేసేవారికి గట్టిది ఒకటే అన్నమాట. ఔత్సాహికుల ఈజీ రన్ ఎప్పుడూ కాస్త ఎక్కువ వేగంగానే ఉంటుంది, గట్టి రోజు వచ్చేసరికి కాళ్లలో బలం ఉండదు. రెండూ మధ్యస్థంగా మారిపోతాయి.

గంటలు మూడు వారాలు పెంచి నాలుగో వారం దించండి. మామూలు వారం 6 గంటలైతే 6, 6.5, 7, 4.5, తర్వాత 6.5, 7, 7.5, 4.5. గట్టి రోజున మొదటి నాలుగు వారాలు ఈజీ రన్ చివర ఎత్తుదారిలో 20 సెకన్ల పరుగులు ఆరు చాలు, మధ్యలో నడిచి దిగుతూ పూర్తిగా తేరుకోవాలి. ఐదో వారం నుంచి థ్రెషోల్డ్‌కు కొద్దిగా దిగువన 8 నిమిషాలు చొప్పున మూడుసార్లు, మధ్యలో 2 నిమిషాలు తేలిగ్గా. క్రమంగా వాటిని 12 నిమిషాలకు తీసుకెళ్లండి. చివరిది మొదటిదానికంటే నెమ్మదిస్తే మరీ గట్టిగా మొదలుపెట్టినట్టే.

ఈత కొట్టేవాళ్లకు హార్ట్‌రేట్ కన్నా గడియారమే నయం. బాగా వార్మప్ అయ్యాక 400 మీటర్లు, విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు శక్తికొద్దీ ఈదండి. రెండు సమయాల తేడాలో సగం మీ థ్రెషోల్డ్ వేగం. 8:00, 3:48 వస్తే తేడా 252 సెకన్లు, అంటే 100 మీటర్లకు 2:06.

బరువులు

చలికాలంలో చేయకపోతే ఇక ఎప్పటికీ చేయని పని ఇది. వారానికి రెండుసార్లు, 40 నిమిషాలు. స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (తుంటి దగ్గర వంగి బరువుతో లేవడం), స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి చేసే స్క్వాట్), మోకాలు నిటారుగా ఒకసారీ వంచి ఒకసారీ కాఫ్ రెయిజ్ (మడమలు పైకెత్తడం), సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒంటిని నిలపడం). మోకాలు వంచి చేసేదాన్ని చాలామంది ఎగ్గొడతారు. పరుగులో ఎక్కువ భారం మోసే లోపలి పిక్క కండరం సోలియస్ మీదికి పని ఎక్కువగా మళ్లేది దానితో.

మొదటి నాలుగు వారాలు 10 నుంచి 12 రెప్స్ (వరసగా చేసే సార్లు) చొప్పున రెండు మూడు సెట్లు (విడతలు), ప్రతి సెట్ చివర ఇంకో మూడు చేయగల శక్తి మిగలాలి. తర్వాత ఎనిమిది వారాలు బరువు పెంచి, 4 నుంచి 6 రెప్స్ చొప్పున మూడు సెట్లు, మధ్యలో 2 నుంచి 3 నిమిషాల విరామం. చేతికందిన తేలిక బరువుతో పాతిక ముప్పై రెప్స్ లాగితే అదీ ఓర్పు సాధనే అవుతుంది, బలం అంతగా రాదు. ఓర్పు పని మీరు వారమంతా చేస్తూనే ఉన్నారు.

ఏ రోజున పెట్టాలన్నది ఇంకో చిక్కు. పొద్దున గట్టి సెషన్ ఉన్న రోజు సాయంత్రం, కనీసం ఆరు గంటల ఎడంతో పెట్టండి. ఈజీ రోజున పెడితే అది ఈజీ రోజు కాకుండా పోతుంది, గట్టి రోజు ఒకటే ఉన్నవాళ్లకు రెండోసారికి మాత్రం అది తప్పదు. నొప్పులు రెండు మూడు రోజులు ఉంటాయి కాబట్టి మొదటి రెండు వారాలు లాంగ్ రన్‌ను కాస్త తగ్గించండి. సీజన్ మొదలయ్యాక వారానికోసారి చేసినా సంపాదించిన బలం నిలుస్తుంది.

బయట, లోపల

బయట ఉన్నదానికంటే 8 నుంచి 10 డిగ్రీలు వెచ్చగా ఉందనుకుని పరుగుకు దుస్తులు వేసుకోండి. గడప దాటగానే కొద్దిగా చలేస్తే సరిగ్గా ఉన్నట్టు. సైకిలుకు ఈ లెక్క పనికిరాదు, గాలి తగులుతుంది. ముందువైపు గాలి ఆపే పొర, మందం గ్లవ్స్, షూ కవర్లు కావాలి. ఒంటికి అంటే పొర కాటన్ అయితే చెమట పట్టుకుని ఆరదు. పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని వాడండి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి ఎంచుకోండి. తడిసిన ఒంటితో ఎదురుగాలికి తిరిగి రావడమే వణుకు పుట్టిస్తుంది.

చలికి చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, మణికట్టు సెన్సర్ తప్పుడు అంకెలు చూపిస్తుంది. ఛాతీకి కట్టుకునే చెస్ట్ స్ట్రాప్ సెన్సర్ వాడండి, ఎలక్ట్రోడ్లను ముందే తడపండి. పొడి స్ట్రాప్ మొదటి పది నిమిషాలు ఇష్టమొచ్చినట్టు దూకుతుంది. దాహం తెలియదు కాబట్టి గంట దాటితే నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి. గాలి బాగా చల్లగా, పొడిగా ఉంటే ముక్కు, నోటి మీద పల్చటి గుడ్డ కట్టుకోండి. గట్టి సెషన్ల తర్వాత ప్రతిసారీ దగ్గు, ఛాతీలో పిల్లికూతలు వస్తుంటే అది శ్వాసనాళాల బిగుతు కావచ్చు, డాక్టరుకు చూపించాలి. అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య క్రాస్‌కంట్రీ రేసులకే మైనస్ 20 డిగ్రీలను హద్దుగా పెట్టుకుంది. ఔత్సాహికులు దానికి చాలా ముందే లోపలికి రావాలి. నేల మీద మంచు గడ్డకడితే వేగం సంగతి మరిచిపోయి అడుగులు చిన్నవి చేయండి, లేదా షూకు తగిలించే స్పైక్స్ వాడండి.

20 డిగ్రీల గదిలో 80 పి.ఎస్.ఐ. గాలి కొట్టిన సైకిల్ టైరు, సున్నా డిగ్రీల బయటికి వెళ్లేసరికి దాదాపు 6 పి.ఎస్.ఐ. కోల్పోతుంది. తడి రోడ్డు మీద పట్టుకు అది మంచిదే, సన్నటి టైరులో మరీ తగ్గితే మాత్రం ట్యూబు గుంటల్లో నలిగి పంక్చరవుతుంది. ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగొస్తే ఆ రోజే చెయిన్ కడిగి, ఆరబెట్టి నూనె వేయాలి.

ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే పరికరం) మీద చేసేటప్పుడు మొదట కొనాల్సింది పెద్ద ఫ్యాను. అది లేకపోతే వేడికి హార్ట్‌రేట్ పెరుగుతూ పోతుంది, ఈజీ సెషన్ ఈజీగా ఉండదు. హ్యాండిల్, దాన్ని సైకిలుకు కలిపే స్టెమ్ మీద తువ్వాలు కప్పండి. చెమట బోల్టులను తినేస్తుంది. క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) అడిగే ట్రైనరైతే పది నిమిషాలు తొక్కి వేడెక్కాకే చేయండి. లోపల పవర్ (తొక్కే శక్తి, వాట్లలో) సాధారణంగా కాస్త తక్కువ వస్తుంది కనుక ఇండోర్ పరీక్ష అంకెను ఇండోర్‌కే వాడుకోండి. ట్రెడ్‌మిల్ మీద 1 శాతం వాలు అవసరమయ్యేది వేగంగా పరుగెత్తేవాళ్లకే. కిలోమీటరుకు 6 నిమిషాల ఈజీ రన్‌లో గాలి నిరోధం లెక్కలోకి రాదు.

జలుబు ముక్కుకే పరిమితమైతే తేలిగ్గా అరగంట చేయొచ్చు. జ్వరం, ఛాతీలో దగ్గు, ఒళ్లునొప్పులు ఉంటే పూర్తిగా ఆపాలి, జ్వరం పోయిన మర్నాడే అందుకోకూడదు. కారణం లేని నీరసం వారాల తరబడి సాగితే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు.

రేసు ప్లాన్‌లోకి ఎప్పుడు

ఎనిమిదో వారం తేలిక వారం చివర 90 నిమిషాలు చదును దారిలో ఒకే తేలిక వేగంతో చేయండి. మొదటి 45 నిమిషాలకూ తర్వాతి 45కూ పైన చెప్పిన వేగం, హార్ట్‌రేట్ లెక్క విడివిడిగా కట్టండి. మొదటిది 1.20, రెండోది 1.16 అయితే పడిపోయింది 3 శాతమే, బేస్ కుదిరింది. 1.13 అయితే దాదాపు 6 శాతం. 5 దాటితే నెమ్మది గంటల బ్లాక్ ఇంకో నాలుగు వారాలు పొడిగించండి, రేసు దగ్గరపడుతోందని తొందరపడొద్దు.

కుదిరాకే క్యాలెండర్ తీయండి. ప్రధాన రేసు ఒకటి, దానికి ముందు పరీక్షగా చిన్నవి రెండు. ప్రధాన రేసు నుంచి 10 నుంచి 12 వారాలు వెనక్కి లెక్కపెట్టండి. రేసు వేగపు పని మొదలయ్యేది అక్కడ. ఆ 12 వారాల్లో, నిరుడు ఎర్ర రంగు పడిన నెలలు ఉన్నాయేమో షీట్‌లో చూసుకోండి. పని ఒత్తిడితో ప్రతి ఏడాదీ అదే నెలలో వారాలు పోతుంటే రేసు తేదీనే మార్చడం తేలిక.