టెక్స్ట్ గేమ్ నత్తనడక నడుస్తోందా? ఫీచర్లు పీకేసే ముందు ఇలా కొలవండి

మడ్ (చాలామంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ టెక్స్ట్ గేమ్) కాస్త ఆగి ఆగి నడవగానే చాలామంది కోడ్ మీద కత్తి పెడతారు. వాతావరణ మార్పులు తీసేస్తారు, గదుల వర్ణనలు కుదిస్తారు, గదులు, మంత్రాల కోసం రాసుకున్న స్క్రిప్టింగ్ మొత్తం పీకేసి సీ (C) భాషలో తిరగరాస్తారు. గేమ్ మాత్రం అలాగే ఆగుతూ ఉంటుంది. ఇలా పాడైన మంచి గేమ్‌లను చూసి చూసి ఇది రాస్తున్నాను.

ముందుగా ప్లేయర్‌లా లాగిన్ అయ్యే చిన్న బాట్ స్క్రిప్ట్ రాసుకోండి. ఒక 50 బాట్‌లను వదలండి. తిరగనివ్వండి, కొట్టుకోనివ్వండి. ఇది అరగంట పని.

అసలు జాగ్రత్త పడాల్సింది కొలిచే దగ్గర. 1991లో వచ్చిన డీకూమడ్, దాని నుంచి పుట్టిన మెర్క్ లాంటి కోడ్‌లలో మెయిన్ లూప్ సెకనుకు 4 సార్లు తిరుగుతుంది. ఈ ఒక్కో చుట్టునే పల్స్ అంటారు. అంటే ఒక్కో పల్స్‌కు 250 మిల్లీసెకన్లు. అందరి ఆదేశాలు, పోరాటాలు, రాక్షసుల కదలికలు అన్నీ ఆ లోపే ఒకే వరుసలో అయిపోవాలి. ఒక్క పని ఆగితే అందరూ ఆగిపోతారు.

కాబట్టి పల్స్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సమయం తీసుకుని తేడాను లాగ్‌లో రాయండి. తర్వాతి పల్స్ కోసం సర్వర్ నిద్రపోయే సమయాన్ని అందులో కలపకండి. గడియారం మోనోటోనిక్‌దే, అంటే ఎప్పుడూ ముందుకే నడిచేదే వాడాలి. మామూలు సిస్టమ్ టైమ్‌ను ఎవరైనా సరిచేస్తే లెక్క తప్పుతుంది.

సగటు మాత్రం చూడొద్దు. 240 పల్స్‌లలో 239 రెండేసి మిల్లీసెకన్లలో అయిపోయి, ఒక్కటి 3 సెకన్లు పట్టిందనుకోండి. సగటు 15 మిల్లీసెకన్లు కూడా రాదు. లాగ్ చూసి మీరు సంతోషిస్తారు, ఆ 3 సెకన్లూ ప్లేయర్లందరూ బిగుసుకుపోయి ఉంటారు. అందుకే 100 మిల్లీసెకన్లు దాటిన ప్రతి పల్స్‌నూ, అప్పుడు నడుస్తున్న ఫంక్షన్ పేరుతో సహా రాయించండి. 100 దాటకూడదు, అంతే.

నా గేమ్‌లో ఇలా పట్టుకునేదాకా పోరాటం కోడ్‌నే అనుమానించాను. తీరా చూస్తే కొత్తవాళ్లు కనెక్ట్ అయినప్పుడల్లా వాళ్ల ఐపీ అడ్రస్‌కు హోస్ట్ పేరు (ఆ కంప్యూటర్ ఇంటర్నెట్ పేరు) వెతుకుతూ సర్వర్ బిగుసుకుపోతోంది! ఇది పాత జబ్బే. డీకూమడ్ నుంచే పుట్టిన సర్కిల్‌మడ్‌లో ఆ వెతుకులాటను ఆపడానికి ప్రత్యేకంగా ఒక సెట్టింగే పెట్టారు. ప్లేయర్లందరి ఫైళ్లనూ ఒకేసారి డిస్క్‌లో సేవ్ చేయడం ఇంకో దోషి. పల్స్‌కు ఇద్దరు ముగ్గురిని చొప్పున సేవ్ చేస్తే సరిపోతుంది.

ఇక ఫీచర్ల లెక్క. 10,000 మంది రాక్షసులు ప్రతి పల్స్‌కూ చుట్టూ చూస్తే సెకనుకు 40,000 సార్లు. అలాగని వాళ్ల తెలివితేటలు తగ్గించకండి. ప్లేయర్లు లేని ప్రాంతంలో వాళ్లను నిద్రపుచ్చండి. ప్లేయర్ అడుగుపెట్టగానే లేపండి.

స్క్రిప్టింగ్ మాత్రం తీయకూడదు. 1989లో లార్స్ పెన్షో ఎల్‌పీమడ్ అనే మడ్ సర్వర్ తెచ్చినప్పుడు వేగంగా నడవాల్సిన డ్రైవర్‌ను (గేమ్‌ను నడిపే అసలు ప్రోగ్రామ్‌ను) సీలో రాసి, గదులు, వస్తువులు, మంత్రాలను ఎల్‌పీసీ భాషకు వదిలేశాడు. సర్వర్ ఆపకుండానే గదిని మార్చుకోవచ్చు. స్క్రిప్ట్ అంతులేని లూప్‌లో పడితే డ్రైవరే దాన్ని తెంచేస్తుంది. మీ స్క్రిప్టులకూ అలాంటి హద్దు పెట్టండి. అది పెట్టాక బాట్‌లను మళ్లీ వదిలి లాగ్ చూడండి. 100 దాటిన పల్స్ ఇంకా ఉంటే, అందులో పేరు కనిపించిన ఫంక్షన్‌ను మాత్రమే సీలోకి మార్చండి.