బిల్లింగ్‌లో ఆగిపోయిన ఎంట్రీలను ఎలా సరిచేయాలి?

డాక్టర్ డిశ్చార్జ్ రాసేశారు, రోగి బట్టలు సర్దుకుని కూర్చున్నారు, బిల్లు మాత్రం రాదు. చాలాసార్లు ఎక్కడో ఒక ఎంట్రీ ఇరుక్కుని ఉంటుంది. పరీక్షకు ధర కోడ్ ఉండదు, లేదా ఛార్జీ ఏ అడ్మిషన్‌కు చెందిందో సిస్టమ్‌కు తెలియదు. అనుమానం ఉన్నవాటిని అది పక్కన పెడుతుంది. వీటినే డేటా ఎక్సెప్షన్లు అంటారు. సిస్టమ్ ఇలా ఆపడం మంచిదే. ఆపినవాటిని ఎవరూ చూడకపోతేనే ఇబ్బంది.

1. అన్నీ ఒకే జాబితాలోకి తెండి

కొన్ని బిల్లింగ్ పెండింగ్‌లో ఉంటాయి. కొన్ని ఇన్సూరెన్స్ డెస్క్ ఈమెయిల్స్‌లో ఉంటాయి. ల్యాబ్, ఫార్మసీల సాఫ్ట్‌వేర్ నుంచి బిల్లింగ్‌కు ఒక ప్రామాణిక రూపంలో వచ్చే హెచ్‌ఎల్7 మెసేజ్‌లు ఫెయిలైతే ఆ లాగ్ ఐటీ వాళ్లకు తప్ప ఎవరికీ కనిపించదు. అన్నింటినీ ఒకచోట చేర్చి రోగి నంబర్, అడ్మిషన్ నంబర్, విభాగం, ఆగిన తేదీ, మొత్తం, కారణం రాయండి.

2. కారణాన్ని బట్టి విడగొట్టండి

"ఇతర" అనే గడిని వీలైనంత చిన్నగా ఉంచండి. ఏమిటో తేలనివన్నీ అందులోనే పేరుకుపోతాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది, ఒకే రోగికి రెండు రికార్డులు ఉన్నట్టు కనిపించే కేసు. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్ కలిశాయని వెంటనే కలిపేయకండి. కవల పిల్లలకు పుట్టిన తేదీ, ఇంటిపేరు, ఇంటి ఫోన్ అన్నీ ఒకటే. ఇద్దరి రికార్డులు పొరపాటున కలిస్తే తప్పు బిల్లుతో ఆగదు. ఒకరి బ్లడ్ గ్రూప్, ఒకరి అలర్జీ ఇంకొకరి ఫైల్లోకి వెళ్తాయి. అందుకే ఈ పని బిల్లింగ్ కౌంటర్‌లో కాకుండా మెడికల్ రికార్డ్స్ విభాగంలోనే జరగాలి.

డూప్లికేట్ ఛార్జీల విషయంలోనూ తొందర వద్దు. గుండెపోటు అనుమానం ఉన్నవారికి ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు. ఒకే రోజు రెండుసార్లు కనిపించినా రెండూ నిజమైనవే కావచ్చు. శాంపిల్ నంబర్, సేకరించిన సమయం చూశాకే తీసేయాలా వద్దా అన్నది తేల్చండి.

కోడ్ తప్పుల్లో చాలావరకు చిన్నవే. రోగనిర్ధారణలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో సాధారణ కాన్పుకు కోడ్ ఓ80. ఆ "ఓ" అక్షరం బదులు సున్నా కొడితే సిస్టమ్ ఒప్పుకోదు. మందుల దగ్గర మాత్రం పరిమాణం చూడాలి. డాక్టర్ 500 మిల్లీగ్రాములని రాస్తే, ధర వయల్‌కు, అంటే ఒక్కో ఇంజెక్షన్ సీసాకు ఉన్నప్పుడు, యూనిట్ల సెట్టింగ్ తప్పితే 500 వయల్స్‌కు బిల్లు పడుతుంది.

3. ముందు ఏది చూడాలో తేల్చుకోండి

ఈరోజు ఇంటికి వెళ్లాల్సిన రోగులవి మొదట. తర్వాత క్లెయిమ్ గడువు దగ్గరపడినవి, ఆ తర్వాత పెద్ద మొత్తాలు. కౌంటర్ దగ్గర నిలబడ్డ కుటుంబం టెన్షన్ ముందు ఎంత పెద్ద మొత్తమైనా కాసేపు ఆగవచ్చని నా నమ్మకం.

4. తప్పు పుట్టిన చోటే దిద్దించండి

రోగి వివరాలైతే రిజిస్ట్రేషన్, పరిమాణమైతే ఫార్మసీ, రోగనిర్ధారణ కోడ్ అయితే డాక్టర్ నోట్స్ చదివి కోడర్ (కోడ్‌లు వేసే ఉద్యోగి) సరిచేయాలి. క్లెయిమ్ పాస్ కావడం కోసం బిల్లింగ్ సిబ్బంది రోగనిర్ధారణను మార్చడం అస్సలు జరగకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదు కావాలి.

ఇంకో మాట. ఫెయిలైన మెసేజ్‌ను మళ్లీ పంపే ముందు, ఆ ఛార్జీని ఎవరైనా చేత్తో ఎక్కించారేమో చూడండి. రోగికి రెండుసార్లు బిల్లు పడటానికి ఇదొక కారణం.

5. వారానికోసారి మూలం వెతకండి

ఎక్కువగా వచ్చిన మూడు కారణాలు తీసి, ఆ విభాగాల వాళ్లతో కలిసి కూర్చోండి. ఉదాహరణకు డిశ్చార్జ్ తర్వాత వచ్చే ల్యాబ్ ఛార్జీలు. రక్తంలో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ ఫలితానికి రోజులు పడుతుంది. ఫలితం వచ్చినప్పుడు ఛార్జీ పడేలా సెట్ చేస్తే, అప్పటికి రోగి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. శాంపిల్ తీసినప్పుడే పడేలా మారిస్తే ఆ రకం ఎక్సెప్షన్ చాలావరకు తగ్గిపోతుంది. ఒక్కోదాన్ని దిద్దుతూ కూర్చునే కంటే ఇలాంటి మార్పు ఒక్కటి ఎంతో మేలు.

ఎన్ని క్లోజ్ చేశారన్న లెక్కతో సిబ్బందిని అంచనా వేయకండి. అలా చేస్తే సులువైనవి మాత్రమే కదులుతాయి. ఎన్ని కొత్తగా వచ్చాయి, పాతవి ఎన్ని రోజులుగా ఉన్నాయి అన్నవి చూడండి.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే ఒక్క పనితో మొదలుపెట్టండి. మర్నాడు డిశ్చార్జ్ కావాల్సిన వారి జాబితా సాయంత్రమే తీసి, వారి పేరు మీద ఆగిన ఎంట్రీలను ఆ రాత్రే సరిచేయించండి.