న్యుమోనియానా, టీబీనా: రక్త పరీక్షల కాగితాన్ని చదివే పద్ధతి

గుంటూరులో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. మిర్చి యార్డు దగ్గరే కాబట్టి దగ్గుతో వచ్చే హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు ఎక్కువ. "ఘాటుకు వచ్చిన దగ్గండీ" అని వాళ్లే ముందు చెప్పేస్తారు. ఎక్స్‌రేలో మచ్చ కనబడ్డాక అసలు ప్రశ్న మొదలవుతుంది. అది మామూలు బ్యాక్టీరియా న్యుమోనియానా, ఊపిరితిత్తుల టీబీనా? కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్ల కోసం, రిపోర్టు చేత్తో పట్టుకుని కంగారుపడే ఇంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. రక్తంలోని ఏ అంకె కూడా టీబీ ఉందని నిర్ధారించదు, లేదని తేల్చదు. ఏ వైపు ఎక్కువగా అనుమానించాలో మాత్రం చెబుతుంది. తేల్చేది కళ్లె పరీక్షే.

సూది గుచ్చేముందు రోజులు లెక్కపెట్టండి. న్యుమోనియా అకస్మాత్తుగా వస్తుంది. నిన్నా మొన్నటిదాకా పనికి వెళ్లిన మనిషి చలి, వణుకుతో పడిపోతాడు, ఊపిరి పీలిస్తే పక్కలో పోటు అంటాడు. టీబీ వారాల తరబడి నడుస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం. రోగిని అడిగితే "బాగానే ఉన్నాను" అంటాడు. పక్కనున్న భార్యను అడగండి. "చొక్కాలన్నీ వదులైపోయాయి డాక్టరమ్మగారూ" అన్న ఒక్క వాక్యం నాకు చాలాసార్లు ప్రయోగశాల కంటే ముందు దారి చూపింది.

తర్వాత, మొదటి యాంటీబయాటిక్ పడకముందే నమూనాలు తీయించండి. విడివిడి కణాల శాతంతో పూర్తి రక్త పరీక్ష, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంత ఉందో చూపే ప్రోటీన్), వీలైతే ప్రొకాల్సిటోనిన్ (ముఖ్యంగా బ్యాక్టీరియా జబ్బుల్లో రక్తంలో పెరిగే పదార్థం). వాటితోపాటు షుగర్, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, హెచ్‌ఐవీ. అదే పూట కళ్లె డబ్బా కూడా చేతికివ్వాలి. రక్తం ఫలితం చూశాక కళ్లె సంగతి ఆలోచిద్దాం అనుకోవద్దు. డబ్బుకు ఇబ్బంది ఉంటే ప్రొకాల్సిటోనిన్ మానేయండి, అది ఖరీదైనది. కళ్లె పరీక్ష ప్రభుత్వ కేంద్రంలో ఉచితం, దాన్ని మాత్రం మానవద్దు.

రిపోర్టు వచ్చాక నేను మొదట చూసేది న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి. ల్యాబు వాళ్లు దీన్ని లెక్కగట్టి ఇవ్వకపోయినా ఫర్వాలేదు, మొదటి శాతాన్ని రెండో శాతంతో భాగిస్తే చాలు. ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెడతాను. ఇద్దరికీ కుడి ఊపిరితిత్తి పైభాగంలోనే మచ్చ. మొదటి కుర్రాడికి మూడు రోజుల జ్వరం. తెల్లకణాలు 19,400, న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్లు 7. నిష్పత్తి 12 పైన. సీఆర్‌పీ లీటరుకు 240 మిల్లీగ్రాములు, ప్రొకాల్సిటోనిన్ 4.6. రెండో ఆయన నడివయసు హమాలీ, నెల దాటిన దగ్గు. తెల్లకణాలు 8,900, న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్లు 19. నిష్పత్తి మూడున్నర. సీఆర్‌పీ 48, ప్రొకాల్సిటోనిన్ 0.09, హిమోగ్లోబిన్ 9.8. మొదటి కుర్రాడికి న్యుమోనియా, యాంటీబయాటిక్‌తో జ్వరం దిగిపోయింది. హమాలీ కళ్లెలో టీబీ క్రిమి దొరికింది.

ఈ నిష్పత్తికి 7 అనే గీతను కొరియా వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో సూచించారు. 7 కంటే తక్కువైతే టీబీ వైపు, ఎక్కువైతే బ్యాక్టీరియా న్యుమోనియా వైపు మొగ్గు. నేను దాన్ని గోడలా చూడను. 3, 15 లాంటి అంకెలు మాట్లాడతాయి. 6, 8 ఏమీ చెప్పవు.

సీఆర్‌పీ దగ్గర అంకె కంటే ముందు కొలమానం చదవండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. మధ్య తేడా పది రెట్లు. డెసిలీటరు లెక్కలో 12 అంటే లీటరు లెక్కలో 120. ఇది గమనించకపోతే తీవ్రమైన న్యుమోనియా కూడా చిన్న జబ్బులా కనబడుతుంది. లీటరుకు 100 దాటితే బ్యాక్టీరియా న్యుమోనియాకు బలం. టీబీలోనూ సీఆర్‌పీ పెరుగుతుంది, సాధారణంగా అంతకంటే తక్కువ స్థాయిలో ఆగుతుంది. ముదిరిన టీబీలో 100 దాటడం కూడా చూస్తాం.

ప్రొకాల్సిటోనిన్ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది. 0.5 దాటితే బ్యాక్టీరియా అనుమానం గట్టిపడుతుంది, 0.25 లోపు ఉంటే సడలుతుంది. ఊపిరితిత్తులకే పరిమితమైన టీబీలో ఇది ఎక్కువగా తక్కువే ఉంటుంది. అయితే ఒక పెద్ద జాగ్రత్త: వైరస్ న్యుమోనియాలోనూ, మైకోప్లాస్మా లాంటి కొన్ని బ్యాక్టీరియాల వల్ల వచ్చే న్యుమోనియాలోనూ ఇది తక్కువే. తక్కువ ప్రొకాల్సిటోనిన్ అంటే టీబీ అని అనువదించుకోకండి. ఎక్కువగా ఉంటే టీబీ లేదనీ కాదు. రక్తం ద్వారా ఒళ్లంతా పాకిన టీబీలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇది పెరగవచ్చు. మలేరియాలో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో కూడా.

అంకెలను తారుమారు చేసేవి మరికొన్ని ఉన్నాయి, ఇక్కడే ఎక్కువ ఓపిక కావాలి. ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు పడిపోతాయి, జ్వరం అణిగిపోతుంది. ఆ నిష్పత్తికి అర్థం ఉండదు. లివరు బాగా చెడిపోతే సీఆర్‌పీ పెరగాల్సినంత పెరగదు, ఎందుకంటే దాన్ని తయారుచేసేది లివరే. షుగర్ అదుపులో లేనివాళ్లలో టీబీ ఊపిరితిత్తి కింది భాగంలో, అచ్చం న్యుమోనియాలా కనబడుతుంది. అలాంటి ఒక అమ్మకు నిష్పత్తి 9, ప్రొకాల్సిటోనిన్ 0.6 వచ్చాయి. రెండూ న్యుమోనియా అన్నాయి. మూడు నెలల్లో తగ్గిన బరువు వేరే మాట చెప్పింది. కళ్లె పంపాం, టీబీ తేలింది. అంకెలకూ కథకూ పొసగనప్పుడు నేను కథ వైపే నిలబడతాను.

తేలేలోపు ఏ మందు ఇవ్వాలి? అమాక్సిసిలిన్-క్లావులనేట్ లేదా సెఫ్ట్రియాక్సోన్, అవసరమైతే తోడుగా డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్. లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ జోలికి దయచేసి వెళ్లకండి. అవి టీబీ క్రిమిని సగం చంపి వదిలేస్తాయి. జ్వరం తగ్గుతుంది, కళ్లెలో క్రిమి దొరకడం కష్టమవుతుంది, నిర్ధారణ వారాలు వెనక్కి పోతుంది. మొండి టీబీకి రేపు కావలసిన మందుకు ఈ రోజే నిరోధకత నేర్పినట్టవుతుంది.

మూడో, నాలుగో రోజున సీఆర్‌పీ మళ్లీ చూడండి. మందు పనిచేస్తున్న న్యుమోనియాలో అది దాదాపు సగానికి దిగాలి. దిగకపోతే చీము పట్టిందా, మందు సరిపోలేదా, టీబీనా అని వెతకాలి. మరింత బలమైన యాంటీబయాటిక్ రాసి ఊరుకోవడం సరికాదు.

ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చూసే రక్త పరీక్ష) రెండింటిలోనూ పెరుగుతుంది, విడదీయడానికి పనికిరాదు. రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసే పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వద్దంది, 2012లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఎవరైనా రాసిస్తే చేయించుకోకండి. ఇగ్రా అనే రక్త పరీక్ష, మాంటూ అనే చర్మ పరీక్ష శరీరంలో ఎప్పుడో చేరిన క్రిమిని కూడా పట్టుకుంటాయి, ఇప్పుడు జబ్బు ఉందో లేదో విడదీసి చెప్పలేవు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ఏడీఏ అనే ఎంజైమును ఆ నీటిలో చూడాలి, రక్తంలో కాదు. అది 40 దాటి, కణాల్లో లింఫోసైట్లే ఎక్కువైతే టీబీ అనుమానం బలమైనది.

ఇక కళ్లె. నీళ్లతో నోరు పుక్కిలించి, లోతుగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీయాలి. ఉమ్మి పనికిరాదు. ఒకటి అప్పటికప్పుడు, ఇంకొకటి తెల్లవారి లేవగానే. కళ్లెలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ యంత్రం రెండు గంటల్లోపే క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. ట్రూనాట్ కూడా అదే పని చేస్తుంది. కళ్లె రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తీయవచ్చు, అప్పటికీ రాకపోతే బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపి నమూనా తీయడం.

టీబీ తేలితే టీబీ రోగుల కోసం ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ నిక్షయ్‌లో నమోదు చేయించండి. మందులు ఉచితం, పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. సందేహాలకు ఉచిత ఫోను నంబరు 1800 11 6666. ఇంట్లో అందరినీ పరీక్షకు తీసుకురండి. ఐదేళ్లలోపు పిల్లలుంటే ముందు వాళ్లను తెండి. జబ్బు లేదని తేలినా వాళ్లకు నివారణ మందు మొదలుపెట్టాలి.