మిద్దె మీద నాటు టమోటా: పెంచడం, రకం గుర్తుపట్టడం

సంతలో నాటు టమోటా అని అమ్మేవన్నీ నాటువి కావు. మెత్తగా, పుల్లగా, తొడిమ దగ్గర గాళ్లుగా (గాడులు పడి) ఉన్న పండు కూడా హైబ్రిడ్‌ది కావచ్చు. తేల్చుకోవాలంటే ఒకే పండు గింజలతో కనీసం ఆరు మొక్కలు పెంచండి. అన్నీ ఒకే ఆకు, ఒకే రకం కాయ ఇస్తే నిలకడైన రకమనుకోవచ్చు. ఒకటి కోలగా, ఇంకోటి గుండ్రంగా కాస్తే అది హైబ్రిడ్ సంతానమే. పీకేఎం-1, పూసా రూబీ గింజలు కూడా తల్లిలాగే వస్తాయి గానీ, అవి పరిశోధన సంస్థలు విడుదల చేసిన రకాలు, తాతల నాటివి కావు.

కర్నూలు, అనంతపురం ఎండలకు పెద్ద కాయల రకాలు వేసవిలో పనికిరావు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలుతుంది. బ్రాండీవైన్ (అమెరికా పెద్దకాయ రకం) లాంటివి నాటిన 80 నుంచి 100 రోజులకు గానీ పండవు. అందుకే ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో నారు పోయండి, చలికాలమంతా చేతికొస్తుంది.

గింజ అర సెంటీమీటరు లోతు చాలు, వారంలోపు మొలకెత్తుతుంది. ట్రేల మీద సన్నకంటి నైలాన్ వల కప్పడం మరవద్దు. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ లేత నారుకు సోకితే ఆ మొక్క కాయదు. దానికి మందు లేదు, పీకి పారేయడమే. నాలుగైదు ఆకులొచ్చాక, అంటే 25-30 రోజులకు, మార్చి నాటండి. కుండీ 15 అంగుళాలకు తగ్గకూడదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), గుప్పెడు వేపపిండి కలపండి. ఒట్టి నల్లరేగడి మట్టి కుండీలో గడ్డకట్టి, నీరు దిగక వేరు కుళ్లుతుంది. కాండం మొదటి ఆకుల దాకా పూడిస్తే అక్కడా వేర్లు వస్తాయి. మట్టి మీద చెనక్కాయ పొట్టు రెండంగుళాలు పరిస్తే తేమ నిలుస్తుంది.

కాయ అడుగున నల్లటి మచ్చ కనిపించగానే చాలామంది గుడ్డుపెంకులు దంచి వేస్తారు. కారణం ఎక్కువసార్లు నీళ్లలోనే ఉంటుంది. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచితే మట్టిలో ఉన్న కాల్షియం కూడా కాయకు అందదు. పండే దశలో హఠాత్తుగా ఎక్కువ నీళ్లు పోసినా పగుళ్లే. పొద్దున్నే, రోజూ ఒకే కొలతలో పోయండి.

ఇక గుర్తింపు. మొదటి రెండు ఆకులు చూసి తీర్పు చెప్పొద్దు, నాలుగో ఆకు దాకా ఆగండి. అంచు గాట్లు లేకుండా బంగాళాదుంప ఆకులా వెడల్పుగా ఉంటే అది వేరే తరగతి. బ్రాండీవైన్ దాంట్లోదే. తర్వాత కాండం కొస చూడండి: పూగుత్తితో ఆగిపోతే పొట్టి రకం, ఆగకుండా పోతే తీగ రకం. తీగ రకానికి ఆరడుగుల ఊతకర్ర కావాలి, పక్క పిలకలు గిల్లాలి. పొట్టిదానికి పిలకలు గిల్లితే కాపు తగ్గిపోతుంది.

పండు దగ్గర గులాబీకీ ఎరుపుకీ తేడా కంటికి అందదు. వేడినీళ్లలో అర నిమిషం ఉంచి తొక్క ఒలిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. పసుపుగా ఉంటే ఎర్ర రకం, గాజులా తెల్లగా ఉంటే గులాబీ రకం. తర్వాత అడ్డంగా కోయండి. కోల టమోటాలో రెండు మూడు గదులే ఉంటాయి. గాళ్ల టమోటాలో చాలా గదులుంటాయి. పప్పుకు ఇదే బాగుంటుంది.

విత్తనానికి ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద రెండో గుత్తినో మూడో గుత్తినో ఎంచుకుని, పూత విచ్చుకోకముందే పల్చటి బట్టసంచి తొడగండి. కాయ పిందె పట్టాక సంచి తీసి, ఆ గుత్తికి రంగుదారం కట్టండి. బాగా మాగిన పండు గింజల్ని జిగురుతో సహా గ్లాసులో పిండి, కొంచెం నీళ్లు పోసి రెండు రోజులు పులియబెట్టండి. ఎక్కువ ఉంచితే అందులోనే మొలకెత్తుతాయి. కడిగి, తేలినవి పారబోసి, స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. వంచితే పుటుక్కున విరిగేలా ఎండాక, రకం పేరు, సంవత్సరం రాసి గాజు సీసాలో పెట్టండి.