బ్యాటరీ చచ్చిందా, తప్పు పనికి పెట్టారా? సమస్య - పరిష్కారం

తిరుపతిలో బ్యాటరీ సలహాలకు కరువు లేదు. 1985లో పుట్టిన అమరరాజా సంస్థ పక్కనే కరకంబాడిలో ఉంది కాబట్టి, అందులో పనిచేసే బంధువో, ఆ బంధువుకు తెలిసినవారో ప్రతి ఒక్కరికీ ఉంటారు. ఆ సలహాలన్నీ విని కొత్తది కొని, ఏడాది తిరగకుండా మళ్లీ నా దుకాణం మెట్లెక్కేవాళ్లను చూసి ఇది రాస్తున్నాను. "చచ్చిపోయింది" అని మోసుకొచ్చే బ్యాటరీల్లో చాలావాటికి జబ్బు లోపల ఉండదు. పెట్టిన చోటులోనో, అప్పగించిన పనిలోనో ఉంటుంది.

ఉదయాన్నే కారు సెల్ఫ్ అందుకోవడం లేదు

బండి ఆపి నాలుగైదు గంటలు గడిచాక మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 11.9 కన్నా తక్కువైతే ఖాళీ. నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొట్టగానే 9.6 కన్నా కిందికి జారితే దానికి వయసైపోయింది, మార్చాల్సిందే. వోల్టులు పడిపోకుండా టక్ టక్ శబ్దం మాత్రమే వస్తుంటే బ్యాటరీని తిట్టకండి, టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే ముందు నెగటివ్ క్లాంపు విప్పాలి. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో కడిగి, ఆరాక బిగించి, పైన వ్యాసలీన్ పూయండి. ఇంత చేసినా టక్ టక్ ఆగకపోతే స్టార్టర్ మోటారు చూపించండి.

మర్నాడు మళ్లీ ఖాళీ అయిందా? ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి (కొన్ని కొత్త కార్లలో ఇది కావాలనే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది). రాకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని నింపేది) చూపించండి. వస్తుంటే మీ తిరుగుడే కారణం కావచ్చు. బైరాగిపట్టెడ నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తిరిగే కారు సెల్ఫ్‌లో వాడిన ఛార్జినే తిరిగి నింపుకోలేదు. వారానికోసారి శ్రీకాళహస్తి దాకా వెళ్లి రండి, పుణ్యం, ఛార్జింగ్ రెండూ దక్కుతాయి. రాత్రంతా వెలుగుతూ ఉండే డాష్ కెమెరా కూడా ఒక దొంగే.

సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే కారుకు మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం (యాసిడ్‌ను గాజు నార పీల్చుకుని ఉంచేది) రకమే వేయాలి. రెండు వేలు కలిసొస్తాయని మామూలుది వేస్తే త్వరలోనే మళ్లీ కొంటారు.

ఇన్వర్టర్ గంటకే చేతులెత్తేస్తోంది

ఒక మే నెలలో ఒక పెద్దాయన పద్నాలుగు నెలల నాటి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే పట్టే ఛార్జి కొలత) ట్యూబులర్ (గొట్టాల్లాంటి ప్లేట్లుండే రకం) బ్యాటరీ గురించి పిలిస్తే ఇంటికి వెళ్లాను. రేకుల గదిలో, ఇనుప స్టాండు మీద ఉంది. ఆరు మూతల మీదా నీటిమట్టం చూపే గుర్తులు పచ్చగా నిలబడి ఉన్నాయి. "నీళ్లు నిండుగా ఉన్నాయి స్వామీ, నెలనెలా నేనే పోస్తున్నాను" అన్నాడు. ఏ నీళ్లని అడిగితే, "ఆర్‌ఓ నీళ్లు. మనుషులు తాగేవి దానికి పనికిరావా?" అని నన్నే ఎదురడిగాడు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచాను. నిండా ఛార్జి అయితే 1.240 దగ్గర ఉండాల్సింది, మొదటి సెల్‌లో 1.150, నాలుగో దాంట్లో 1.100. కిందికి చూస్తే స్టాండు కాళ్లు పొరలు పొరలుగా తుప్పు రాలుస్తున్నాయి, గచ్చు తెల్లబడింది. గుర్తు దాటి నీళ్లు పోసిన ప్రతిసారీ ఛార్జింగ్‌లో యాసిడ్ పొంగి బయటికి పోయింది. లోపల మిగిలింది చప్పటి నీళ్లు.

ఆర్‌ఓ నీళ్లలో మిగిలే లవణాలు మనిషికి మంచివే, సీసపు ప్లేట్లకు విషం. డిస్టిల్డ్ వాటరే పోయండి. అదీ ఛార్జింగ్ పూర్తయ్యాక, రెండు గీతల మధ్యకే. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోసి తరువాత ఛార్జింగ్ పెట్టాలి. ఆరు సెల్స్‌లోనూ రీడింగు సమానంగా తక్కువుంటే ఒక రోజంతా నెమ్మదిగా ఛార్జి చేసి చూడండి, తేరుకోవచ్చు. ఒక్క సెల్ మిగతావాటి కన్నా 0.050 వెనకబడిందంటే దాని మీద ఆశ వదులుకోండి.

ఇక ఆ రేకుల గది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బ్యాటరీ ఎంత? వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. నీడ, గాలి ఉన్న చోట పెట్టండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దీపం వెలిగే పూజగది పక్కన వద్దు.

కొన్నిసార్లు తప్పు లెక్కలోనే ఉంటుంది. 150 ఏహెచ్‌ను 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. అందులో అరవై శాతమే వాడుకోండి. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, ఇన్వర్టర్ తినే వాటా కలిపి 300 వాట్లు అనుకుంటే మూడున్నర గంటలు. ఫ్రిజ్ కూడా కలిపి రాత్రంతా రావాలంటే అది బ్యాటరీ తప్పు కాదు.

చవకని లారీ బ్యాటరీ తెచ్చి పెట్టేవాళ్లూ ఉన్నారు. దాని పలుచని ప్లేట్లు రెండు మూడు సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి చేసినవి. వంద మీటర్లు పరిగెత్తేవాడు వేరు, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాడు వేరు.

మిద్దె మీద సోలార్ ఉంది, కరెంటు పోతే ఇల్లు చీకటి

చెడిపోలేదు. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా, గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోవాలి. చీకటి వద్దంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (కరెంటు పోయినా బ్యాటరీతో ఇంటిని నడిపేది), బ్యాటరీ కావాలి. సీసపుదైతే డబ్బా మీద సీ10 (పది గంటల లెక్కన కొలిచినది) అని ఉన్నది తీసుకోండి. సీ20 ఏహెచ్‌ను ఇరవై గంటల లెక్కన కొలుస్తారు కాబట్టి అదే అంకె కాస్త గొప్పగా కనిపిస్తుంది.

లిథియం పెట్టాక చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది

ఇన్వర్టర్లకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వోల్టేజి చివరిదాకా దాదాపు నిలకడగా ఉంటుంది, బల్బు మసకబారి హెచ్చరించదు. మీటర్ సున్నా చూపిస్తే లోపలి బీఎంఎస్ (ప్యాక్‌ను కాపాడే సర్క్యూట్) కాపలాకు తలుపు మూసిందన్నమాట. సరైన ఛార్జర్ పెడితే తెరుచుకుంటుంది. నిండకుండానే మళ్లీ మళ్లీ కట్ అవుతుంటే పాత ఇన్వర్టర్ సీసానికి తగినట్టు 15 వోల్టుల దాకా తోస్తోందేమో చూడండి. 12.8 వోల్టుల ప్యాక్‌కు 14.6 దాటకూడదు. లిథియం సెట్టింగు లేని ఇన్వర్టర్‌కు లిథియం కొనవద్దు.

ఎలక్ట్రిక్ స్కూటర్ తిరుమల ఘాట్‌లో ఛార్జి గుటుక్కున మింగుతోంది

అది లోపం కాదు, ఎత్తు. ఇద్దరు మనుషులు, స్కూటర్ కలిపి 250 కిలోలను సుమారు 700 మీటర్లు పైకి మోయడానికే అర యూనిట్ కావాలి. దారి ఖర్చు, మోటారు వేడి అదనం. మూడు యూనిట్ల బ్యాటరీకి అది చిన్న భారం కాదు. పైకి చేరగానే ఛార్జర్ పెడితే ఎక్కకపోవచ్చు. ప్యాక్ వేడిగా ఉంది, అరగంట నీడలో వదలండి. నిండా ఛార్జి చేసి దిగితే బ్రేకింగ్‌లో పుట్టే కరెంటుకు లోపల చోటుండదు, మోటారు పట్టు తగ్గుతుంది. బ్రేకులు చూసుకునే దిగండి.

పులికాట్‌లో వల ఎత్తాక ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు

2022 నుంచి తడ, సూళ్లూరుపేట మన జిల్లాయే కాబట్టి పడవల గురించీ అడుగుతున్నారు. రాత్రంతా లైట్లకు, జీపీఎస్‌కు వాడిన బ్యాటరీనే తెల్లవారాక ఇంజిన్‌ను లేపమంటున్నారు. స్టార్టింగ్‌కు ఒకటి, లైట్లకు డీప్ సైకిల్ (గంటల తరబడి ఖాళీ చేసినా తట్టుకునే) రకం ఒకటి, మధ్యలో స్విచ్ పెట్టండి. ఉప్పుగాలి టెర్మినళ్లను త్వరగా తినేస్తుంది, నెలకోసారి గ్రీజు రాయండి. అలకు ఒరిగితే యాసిడ్ ఒలకకుండా పెట్టెలో పెట్టి పట్టీతో కట్టండి, లేదా ఏజీఎం కొనండి.

లిథియం ప్యాక్ ఉబ్బింది

దీనికి రిపేరు లేదు. నొక్కవద్దు, గుచ్చవద్దు, ఛార్జింగ్ మళ్లీ పెట్టి చూడవద్దు. ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టి, అమ్మినవారిని పిలవండి. పాత సీసపు బ్యాటరీని మాత్రం పాత సామాన్ల బండికి ఇవ్వకండి, కొత్తది కొనే చోట ఎక్స్‌ఛేంజ్ అడగండి. తూకానికి డబ్బు వస్తుంది.