పాలీహౌస్‌లో మట్టి లేని కీరదోస: ముందు నీటి లెక్క

హైదరాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్ వేసి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సంచుల్లో కీరదోస పండించాలనుకునే రైతు మొట్టమొదట చేయవలసిన పని బోరు నీటిని పరీక్షకు పంపడం. ఇనుప చట్రానికి కొటేషన్లు తెప్పించుకోవడం ఆ తర్వాతి మాట. నీటిలోని లోపాన్ని మట్టి కొంతవరకు కడుపులో దాచుకుంటుంది గానీ, కోకోపీట్‌కు అంత ఓపిక లేదు. పరీక్ష నివేదికలో ఈసీ (నీటిలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే విద్యుత్ వాహకత; ఇక్కడి అంకెలన్నీ డెసీసీమెన్స్/మీటరులో), సోడియం, బైకార్బొనేట్ అంకెలను ప్రత్యేకంగా చూడాలి. కీరదోసకు ఇచ్చే పోషక ద్రావణం ఈసీ సుమారు 2 నుంచి 2.5 వరకు ఉండాలి కనుక, ఎరువు కలపకముందే నీటి ఈసీ 1 దాటితే ఎరువుకు మిగిలే చోటు సగమే.

అటువంటి చోట చాలామంది వెంటనే నీటిలోని ఉప్పును వడకట్టే ఆర్‌వో యంత్రం వైపు చూస్తారు. నేనైతే ముందు కప్పు వైపు చూడమంటాను. 1,000 చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసే చోట, ఐదో వంతు వృథా అయినా 6.4 లక్షల లీటర్ల మంచి నీరు చేతికి వస్తుంది. అంత స్థలంలో పట్టే దాదాపు 2,500 మొక్కలకు రోజుకు రెండేసి లీటర్ల చొప్పున ఇది 128 రోజులకు సరిపోతుంది. కుంటలో పట్టిన ఈ నీటిని బోరు నీటితో కలిపి వాడుకుంటే ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది. నీడ లేని కుంటలో పాచి పట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి కాబట్టి పైన షేడ్‌నెట్ కప్పాలి.

కోకోపీట్‌ను మంచి నీటితో ఉప్పు పోయేదాకా కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ కడగాలి. ఈ పని తప్పిస్తే పొట్టు తనలోని సోడియం, పొటాషియంలను వదిలి మొక్కకు అందవలసిన కాల్షియాన్ని పట్టుకుంటుంది.

ఎరువుల గాఢ ద్రావణాలకు రెండు డ్రమ్ములు తప్పనిసరి. కాల్షియం నైట్రేట్, ఐరన్ చిలేట్ ఒకదానిలో. మెగ్నీషియం సల్ఫేట్, మోనో పొటాషియం ఫాస్ఫేట్ మరొకదానిలో. రెండు డ్రమ్ములెందుకని పనివాళ్లు అడిగితే, ఒక్కోదాని నుంచి గ్లాసెడు తీసి గాజు సీసాలో కలిపి చూపండి. నీరు పాలలా తెల్లబడి, కాసేపటికి అడుగున మడ్డి పేరుకుంటుంది. జిప్సంగా, కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగున చేరిన ఆ ఎరువు మొక్కకు అందదు సరికదా, డ్రిప్పర్లను మూసేస్తుంది. ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.2 మధ్య ఉండేలా ఆమ్లం కలపాలి. ఆమ్లాన్నే నీటిలో పోయాలి గానీ నీటిని ఆమ్లంలో పోయకూడదు.

పాలీహౌస్‌కు తేనెటీగలతో పని లేకుండా కాయ పట్టే రకాలనే ఎంచుకోవాలి. కింది ఐదారు కణుపుల వరకు పిలకలనూ పిందెలనూ తీసేసి, కాండాన్ని దారం మీద పైకి పాకించాలి. తెల్లదోమ చొరబడకుండా 50 మెష్ (అంగుళానికి 50 రంధ్రాల) వల, రెండు వరుసల తలుపులు ఉండాలి. రెండో తలుపు తీసేలోగా మొదటిది మూసే అలవాటు మనుషులకు నేర్పడమే ఇందులో కష్టమైన భాగం.

నీరు ఒకేసారి కాకుండా, పొద్దెక్కిన తర్వాత మొదలుపెట్టి మొక్కకు 100 మిల్లీలీటర్ల చొప్పున పలుమార్లు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో గడియారం కన్నా సంచి కింది ట్రే బాగా చెబుతుంది. ఇచ్చిన దానిలో 20 నుంచి 30 శాతం బయటికి కారాలి. కారిన నీటి ఈసీ ఇచ్చిన నీటి కన్నా 1కి మించి పెరిగిందంటే సంచిలో ఉప్పు పేరుకుంటోందని అర్థం; అప్పుడు ద్రావణాన్ని కొంచెం పలుచన చేసి, ఇచ్చే మార్లు పెంచాలి. ఈ రెండు కొలతలనూ రోజూ ఒకే ట్రే దగ్గర తీసుకుని, నోటు పుస్తకంలో రాయించండి. ట్రేలోని నీటిలో నత్రజని ఇంకా ఉంటుంది కనుక కాలువలోకి వదలకుండా, గట్టు మీది కొబ్బరి చెట్లకో పశుగ్రాసానికో మళ్లించాలి.