పాత పాయింట్ టూ టూ రివాల్వర్లలో ఏది మేలో రేంజ్‌లో తేల్చుకోవడం ఎలా

అమెరికాలో పాత పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా) టార్గెట్ రివాల్వర్ల మాటొస్తే రెండు పేర్లు తప్పవు: 1946లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ కె-22 మాస్టర్‌పీస్, 1953 నాటి కోల్ట్ ఆఫీసర్స్ మోడల్ మ్యాచ్. ముందు సిలిండర్ (తూటాలు పట్టే తిరిగే డ్రమ్ము) తెరిచి ఖాళీగా ఉందో లేదో చూడండి. స్మిత్‌లో దాన్ని తెరిచే లాచ్ ముందుకు నెట్టాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి. తూటాల్లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూడొద్దు, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ నేరుగా చాంబర్ (సిలిండర్‌లో తూటా దిగే రంధ్రం) అంచుకు తగిలి సొట్ట పడితే ఆ తర్వాత తూటాలు సరిగ్గా దిగవు.

25 గజాల దూరంలో టార్గెట్, ఇసుక సంచి మీద చేతులు, సింగిల్ యాక్షన్‌లో (ప్రతిసారీ ముందు హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగి) ఆరేసి తూటాలు, రెండింటికీ ఒకే పెట్టెలోవి. తర్వాత తూటాల బ్రాండ్ మార్చి చూడండి, తేడా బాగా తెలుస్తుంది. ఆరింట్లో ఒకటి ప్రతిసారీ పక్కకు పోతుంటే ఒక్కో చాంబర్‌తో విడివిడిగా కాల్చండి, తప్పు చేతిదో సిలిండర్‌దో అప్పుడే తేలుతుంది. నా ఓటు మాత్రం కె-22కే, దాని ట్రిగ్గర్ అంత బాగుంటుంది.